మోడు కింద వేరు

సాల మొక్క ఎండినట్టు కనిపించినంత మాత్రాన చచ్చిపోయినట్టు కాదు. దంతెవాడలో ఉద్యోగం చేసిన రోజుల్లో ఈ సంగతి తెలియక నేను చేయించిన పని తలుచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. ఇంకొకరు ఆ పని చేయకూడదనే ఇది రాస్తున్నాను.

అడవి అంచున మా సంస్థకు కొంత ఖాళీ స్థలం ఉండేది. అక్కడ చెట్లు పెంచే బాధ్యత నాకు అప్పజెప్పారు. ఎండాకాలంలో వెళ్లి చూస్తే నాలుగైదు పెద్ద సాల చెట్లు, వాటి చుట్టూ నేలంతా చీపురుపుల్లల్లాంటి మోడులు. ఒకటి విరిస్తే పుటుక్కున విరిగింది. పనికిరాని తుప్ప అనుకున్నాను. కాపలా ఉండే గోండు పెద్దాయన, "అవి సర్గి పిల్లలు సార్, కింద బతికే ఉన్నాయి" అని చెప్పాడు. సర్గి అంటే అక్కడ సాల చెట్టే. నేను వినిపించుకోలేదు. ట్రాక్టరు పెట్టి దున్నించి, తొలకరికి జామాయిలు నాటించాను.

దున్నిన మర్నాడు ఆయన చాళ్లలో ఏరిన వేళ్లు కొన్ని తెచ్చి నా ముందు పెట్టాడు. పైన జానెడు పుల్ల, కింద నా బొటనవేలికన్నా లావైన వేరు. బెరడు గోటితో గీరితే లోపల తడి తగిలింది.

సాల గింజ మే, జూన్ నెలల్లో రెక్కలతో గిరగిరా తిరుగుతూ రాలుతుంది. దానికి ప్రాణం ఉండేది వారం పది రోజులే. ఆలోగా వాన పడితే మొలుస్తుంది. మొలిచిన మొక్క పైభాగం ఎండకో, మంచుకో, కార్చిచ్చుకో ఏటా మాడిపోతుంది. వేరు మాత్రం ఏటికేడు లావెక్కుతుంది. కొన్నేళ్లపాటు ఇలాగే సాగి, వేరుకు చాలినంత సత్తువ వచ్చాక ఒక కాండం నిటారుగా లేస్తుంది. అది ఇక ఎండదు. అన్నేళ్లు ఆ వేళ్లు కూడబెట్టుకున్నదాన్ని నేను ఒక్క పూటలో తిరగదున్నించాను.  

నాకు కలిగిన తొందరే ఒకప్పుడు ప్రభుత్వానికీ కలిగింది. 1970లలో మధ్యప్రదేశ్ ప్రభుత్వం ప్రపంచ బ్యాంకు సాయంతో, దంతెవాడ కూడా ఉన్న బస్తర్‌లో 20 వేల హెక్టార్ల సాల అడవి తీసేసి, కాగితపు గుజ్జు కోసం ఉష్ణమండల పైన్ వేయాలని తలపెట్టింది. సాల మెల్లగా పెరుగుతుంది, పైన్ త్వరగా ఎదుగుతుందన్నది వాళ్ల లెక్క. ఆదివాసులు ఎదురుతిరిగారు. అంతకుముందు బస్తర్ కలెక్టరుగా చేసిన బి.డి. శర్మ ఆ పథకాన్ని వ్యతిరేకించారు. చివరికి అది ఆగిపోయింది.

ఆ లెక్కలోకి రానివి చాలా ఉన్నాయి. సాల కలప ఇళ్లకు దూలాలైంది, రైలు పట్టాల కింద స్లీపర్లైంది. ఆకులతో విస్తళ్లు, దొన్నెలు కుడతారు. బెరడు నుంచి కారే జిగురు ఎండితే ధూపం వేసే గుగ్గిలం. గింజల కొవ్వు సబ్బులకు పోతుంది, చాక్లెట్లలో కోకో కొవ్వుకు బదులుగా కూడా వాడతారు. తొలి వానలకు సాల చెట్ల కింద మట్టిలో బోడా అనే గుండ్రటి పుట్టగొడుగు పుడుతుంది. సాల వేళ్లతో పొత్తు పెట్టుకుని బతికేది గనుక, సంచుల్లో గడ్డి వేసి పెంచడానికి కుదరదు. సంతలో కిలో వెయ్యి రూపాయలు దాటడం మామూలే.

నా జామాయిలు త్వరగానే ఎదిగింది. కానీ ఆకులు కోసుకోవడానికి గానీ బోడా తవ్వుకోవడానికి గానీ ఆ తోపులోకి ఆడవాళ్లెవరూ రాలేదు. ట్రాక్టరు తిరగని ఒక మూలను మాత్రం ఆ పెద్దాయన చెప్పినట్టే వదిలేశాం. చుట్టూ కంప వేసి, నిప్పు రానివ్వలేదు. అక్కడి మోడులు ఏటా చిగురు వేశాయి. నేను బదిలీపై వచ్చేసేనాటికి కొన్ని నా ఎత్తు దాటాయి.

అడవి అంచున నేల మీ చేతికి వస్తే, నాగలి కట్టకముందు రెండు మూడు మోడుల్ని వేరుదాకా తవ్వి చూడండి. వేరు పచ్చిగా ఉంటే మొక్కలు కొనక్కర్లేదు. ఎండాకాలానికి ముందే చుట్టూ రాలిన ఆకులు ఊడ్పించండి, పశువులు దిగకుండా చూడండి. అన్నిటికన్నా ముందు ఆ ఊళ్లో పుట్టి పెరిగినవాళ్లను అడగండి. వాళ్లు వద్దంటే ఆగండి.