కన్వర్టర్‌ల పోసిన ఆయిల్

కోహెడ, 17 జూన్ 2025, మంగళవారం

హుస్నాబాద్ దిక్కు నుంచి వచ్చిన ఆటోమేటిక్ కారు గేర్‌బాక్స్ దించినం. కన్వర్టర్ మెడ చుట్టు ఉండే ముందు సీల్ కారుతున్నది. మన దిక్కు తిరిగే చిన్న ఆటోమేటిక్ బండ్లల్ల చానా వాటికి కన్వర్టరే ఉండదు. 2014ల సెలెరియోతోటి వచ్చిన ఏఎంటీల ఉండేది మామూలు క్లచ్చే, తొక్కే పని మనకు తప్పింది, అంతే. దీనికున్నది అసలు టార్క్ కన్వర్టర్. లోపల మూడు రెక్కల చక్రాలు: ఒకటి ఇంజిన్‌తో తిరుగుతది, ఒకటి గేర్‌బాక్స్‌ను తిప్పుతది, నడుమది ఆయిల్‌ను మళ్లేస్తది. బండి కదిలేటప్పుడు బలం మోసేది ఆయిలే. జర్మనీ ఇంజనీర్ ఫోటింగర్ 1905ల పేటెంట్ తీసుకున్నది ఓడల కోసం!

18 జూన్, బుధవారం

రాణిగంజ్ నుంచి సీల్ వచ్చింది. పాత ఆయిల్ వంచేసి, కన్వర్టర్‌ను పాత టైరు మీద మూతి పైకి పెట్టిన. ఆయిల్ సన్నగా పోస్తుంటే గుడగుడమని గాలి బుడగలు. ఆగుడు, కొంచెం ఊపుడు, మళ్ల పోసుడు.

"స్టార్ట్ చేస్తే పంపే నింపుకుంటది గదన్నా, గింత తిప్పలెందుకు?" అన్నడు పిల్లగాడు.

"నింపుకుంటది తమ్మీ. గప్పటిదాంక సీలు, బుష్షు ఎండుగ రాసుకుంటయ్."

లీటరు చుట్టుపక్కల పోసి ఆపిన. నిండుగ పోస్తే నిలబెట్టంగనే ఒలుకుతది. సీల్ అంచుకు, కన్వర్టర్ మెడకు గూడ ఆయిల్ రాసిన.

19 జూన్, గురువారం

అసలు పని ఇది. కన్వర్టర్‌ను తిప్పుకుంట నెట్టాలె. షాఫ్టు పండ్లు, స్టేటర్ పండ్లు, ఆఖరికి పంపు గాడి. పడ్డప్పుడల్లా టక్కుమంటది, ఇంకింత లోపలికి పోతది. బద్ద అడ్డం పెట్టి లోతు కొలిచి, పుస్తకంల లెక్కతో సరిచూసినం. పోయినేడు ఇంకోచోట బిగించిన బాక్స్ మా షెడ్డుకొచ్చింది. గాడిల పడకముందే బోల్టులతో గుంజిన్రు, పంపు గేరు ముక్కలైంది.

బాక్స్‌ను ఇంజిన్‌కు ఆనించినంక గూడ కన్వర్టర్ చేత్తో తిరిగింది, దానికి, ఇంజిన్ దిక్కు ఫ్లెక్స్ ప్లేటుకు నడుమ సందు ఉన్నది. అప్పుడే బోల్టులు వేసినం.

బాక్స్‌ల ఆయిల్ పోసి, ఇంజిన్ ఆన్ చేసి, బ్రేక్ తొక్కి గేర్లన్నీ ఒకపారి వేసినం. కన్వర్టర్ మిగిలిన ఆయిల్ గుంజుకున్నది, మళ్ల పోసినం. డిప్‌స్టిక్ లేని బాక్స్ ఇది. ఆయిల్ చెప్పినంత వేడికొచ్చినంక, ఇంజిన్ నడుస్తుండంగనే లెవెల్ బోల్టు విప్పాలె. ధార కడితే ఎక్కువ, ఏం రాకపోతే తక్కువ, సన్నగయి ఆగితే సరి.

పిల్లగానికి చెప్పింది ఇక్కడ గూడ రాసి పెడుతున్న: ఎండుగ పెట్టొద్దు, బోల్టులతో గుంజొద్దు.