గొంతు పెంచని సాక్సోఫోన్

మాటల్లేని పాటంటే నాకు పెద్దగా పడదు. అలాంటిది ఒక జాజ్ ఆల్బమ్ ఏడాదిగా నా ఫోన్‌లోంచి కదలట్లేదు. పేరు 'సోల్ స్టేషన్'. 1960 ఫిబ్రవరి 7న, ఒక్కరోజులో, అమెరికాలోని న్యూజెర్సీలో రికార్డు చేశారు. సాక్సోఫోన్ హ్యాంక్ మోబ్లీ. తోడుగా పియానో మీద వింటన్ కెల్లీ, బేస్ మీద పాల్ చాంబర్స్, డ్రమ్స్ మీద ఆర్ట్ బ్లేకీ. ఉన్నవి ఆరు పాటలు. అందులో నాలుగు మోబ్లీ సొంత బాణీలే.

ఈ తరహాని హార్డ్ బాప్ అంటారు. 1950ల్లో నల్లజాతి కళాకారులు చర్చి పాటల్నీ, బ్లూస్‌నీ జాజ్‌లో కలిపి చేసింది. పేరు కొత్తగా ఉన్నా పద్ధతి మనకి తెలిసిందే. మా భద్రాచలం వైపు రామదాసు కీర్తనల భజన విన్నారా? ఒకరు ఎత్తుకుంటారు, మిగతావాళ్లు అందుకుంటారు. ఇక్కడా అంతే. సాక్సోఫోన్ ఒక మాట అంటే పియానో బదులిస్తుంది, డ్రమ్స్ ఊకొడతాయి.

అప్పట్లో టెనర్ సాక్సోఫోన్ అంటే జాన్ కోల్ట్రేన్‌ది బరువైన శబ్దం, స్టాన్ గెట్జ్‌ది తేలికైన శబ్దం. మోబ్లీది మధ్యరకం. లెనార్డ్ ఫెదర్ అనే విమర్శకుడు ఆయన్ని 'మిడిల్ వెయిట్ ఛాంపియన్' అని మెచ్చుకున్నాడు. చాలామందికి అందులో 'మిడిల్' ఒక్కటే వినపడింది.

పోయినేడు అప్రైజల్‌లో నాకూ అలాంటి మాటే వచ్చింది. "పని బాగుంది, విజిబిలిటీ లేదు." మీటింగుల్లో గట్టిగా మాట్లాడనని దానర్థం. రేటింగ్ ఒక మెట్టు తగ్గింది. ఆ వారమే ఖమ్మం నుంచి భద్రాచలం బస్సెక్కా. పాల్వంచ దాటాక అడవిలో సిగ్నల్ పోతే డౌన్‌లోడ్ చేసుకున్నదే దిక్కు. ఈ ఆల్బమ్ మొత్తం విన్నది అప్పుడే. 'దిస్ ఐ డిగ్ ఆఫ్ యూ'లో బ్లేకీ డ్రమ్స్ హోరెత్తిస్తాడు. మోబ్లీ పోటీపడి అరవడు. చెప్పాల్సింది పూర్తిగా చెప్పి, పక్కవాళ్లకి చోటిస్తాడు. సారపాక వచ్చేసరికి మనసు కుదుటపడింది.

అయితే మోబ్లీ కథ సుఖాంతం కాదు. 1961లో మైల్స్ డేవిస్ బృందంలో చేరినా ఎక్కువకాలం లేడు. 1970ల్లో ఊపిరితిత్తుల జబ్బుతో వాయించడమే ఆగిపోయింది. 1986లో, 55 ఏళ్లకే పోయాడు. ఇవాళ ఈ ఆల్బమ్‌ని హార్డ్ బాప్‌లో మేటివాటిలో ఒకటిగా చెబుతున్నారు.

అందుకే "పనే మాట్లాడుతుందిలే" అని నేను ఊరుకోలేదు. చేసిన పనంతా రాసి నెలకోసారి మేనేజర్‌కి మెయిల్ పెడుతున్నా. గొంతు మాత్రం పెంచలేదు.

మీరు వినాలనుకుంటే మొదటి పాట 'రిమెంబర్'తో మొదలుపెట్టండి. వాల్యూమ్ మధ్యలో ఉంటే చాలు.