మేడమీది ఎండ, ఇంటిలోని లెక్క



మాడుగుల అనగానే అందరికీ హల్వా గుర్తుకు వస్తుంది. ఇప్పుడు మా వీధులలో మరొక మాట కూడా వినబడుచున్నది: "మేడమీద సోలారు పలకలు పెట్టించుకోండి, కరెంటు ఉచితం!" ఈ మాటమీద మా ఇంట్లో వారము రోజులు చర్చ జరిగినది. అందులో తేలిన సంగతులు మీకును ఉపయోగపడునని వ్రాస్తున్నాము.

2024 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వము 'పి.ఎం. సూర్య ఘర్' పథకమును ప్రారంభించినది. కోటి ఇండ్లు దాని లక్ష్యము. ఒక కిలోవాటుకు 30,000 రూపాయలు, రెండింటికి 60,000, మూడు గాని అంతకు మించి గాని పెట్టుకుంటే 78,000 సబ్సిడీ ఇస్తారు. అయితే ఆ సొమ్ము ముందుగా రాదు. పలకలు అమర్చి, విద్యుత్ సంస్థవారు తనిఖీ చేసి, నెట్ మీటరు పెట్టిన తరువాతనే మన బ్యాంకు ఖాతాలో పడుతుంది.

ఇక్కడే నాన్నగారు అడ్డు చెప్పారు. బెల్లము ధర పడిపోయిన ఏళ్లలో అప్పు తీర్చలేక పొలము అమ్ముకున్న ఇండ్లను ఆయన చూచినవారు. "ఎండ దేవుడు ఇస్తాడు గాని, వడ్డీ మనిషే అడుగుతాడు" అన్నారు. మా చేతిలో ఉన్నది పాప చదువుకని దాచిన సొమ్ము మాత్రమే. గోపురము కట్టదలచినవాని ఉపమానము తెలిసినవారము గనుక, కాగితము తీసుకొని కూర్చున్నాము.

మేము నెలకు ఇంచుమించు 200 యూనిట్లు వాడుతాము. 2025-26 ధరల ప్రకారము మొదటి 30 యూనిట్లకు 1.90, తరువాతి 45కు 3 రూపాయలు, ఆ పైన 50కి 4.50, మిగిలిన 75కు 6 రూపాయలు. మొత్తము 867 రూపాయలు. ఇతర చార్జీలు వేరు. ఎండ బాగుంటే 2 కిలోవాట్ల పలకలు రోజుకు సుమారు 8 యూనిట్లు ఇస్తాయి. మాకు చెప్పిన ధర 1,20,000. సబ్సిడీ పోను 60,000. ఏడాదికి పదివేల పైన మిగులుతుంది గనుక ఆరేళ్లలోపే పెట్టుబడి తిరిగి వస్తుంది. పలకలు ఇరవై ఐదేళ్లు పనిచేస్తాయంటారు.

మా వీధిలోని పిన్నిగారు ఒంటరిగా ఉంటారు. ఆమెకు 60 యూనిట్లు చాలు. బిల్లు 147 రూపాయలు. ఒక కిలోవాటుకు సబ్సిడీ పోను 30,000 పెట్టినా, అది తిరిగి రావడానికి పదిహేడేళ్లు! అందుకే ఆమెకు వద్దని చెప్పాము. వాడకము ఎక్కువ ఉన్న ఇంటికే లాభము ఎక్కువ.

రాష్ట్ర ప్రభుత్వము ఎస్సీ, ఎస్టీ కుటుంబములకు 2 కిలోవాట్ల వరకు ఉచితముగా అమర్చే పని చేపట్టినది. బీసీలకు కేంద్రము ఇచ్చేదానికి తోడు మరి 20,000 రూపాయలు ప్రకటించినది. మన సంఘములలో బీసీ-సి ధ్రువపత్రము గలవారు అనేకులు గనుక, తమకు వర్తించేది ఏదో ముందుగా అడిగి తెలుసుకొనవలెను.

మరొక మాట. 2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్ తుపాను తరువాత గడిపిన చీకటి రాత్రులు మనము మరువలేదు. సోలారు ఉంటే అటువంటి రాత్రి దీపము వెలుగుతుందని అమ్మ ఆశపడినది. అది జరగదు. లైనులో కరెంటు పోతే, స్తంభమెక్కి పనిచేసేవారికి షాకు తగలకుండా ఈ పరికరము కూడా తానే ఆగిపోతుంది. పగటి ఎండలోనైనా అంతే. బ్యాటరీ ఉంటేనే దీపము. దాని ఖర్చు వేరు.

చివరకు పాప సొమ్ము ముట్టుకోకుండా, పూచీకత్తు లేని బ్యాంకు అప్పుతో 2 కిలోవాట్లు పెట్టించాము. నాన్నగారు ఒక షరతు పెట్టి ఒప్పుకున్నారు: సబ్సిడీ పడిన రోజే అదంతా అప్పుకు జమ కావలెను. అలాగే చేశాము. ఇప్పుడు నెల వాయిదా మా పాత బిల్లుకు కొంచెము మించినది. అప్పు తీరిన తరువాత మిగిలేదంతా మాదే. పెరటి పనసచెట్టు నీడ పడుతుందని దానిని కొట్టమన్నారు గాని, పలకలను రెండవ వైపుకు జరిపించాము.

మీరును ఎవరి మాటకో సంతకము పెట్టక, ముందు ఏడాది బిల్లులు ముందు పెట్టుకొని, ఇంటిల్లిపాదీ కూర్చొని లెక్క చూచుకొనండి.