ఎగదోయుట

ఆంగ్లమున ‘ఫ్యూయల్’ అను మాట నామవాచకముగా నున్నంతసేపు అనువాదకునకు చిక్కు లేదు. ‘ఇంధనము’ అని వ్రాసి ముందునకు సాగిపోవును. అది క్రియగా మారినచోట కలము ఆగును. బొగ్గు మిల్లును ‘ఫ్యూయల్’ చేయును. వదంతులు కలహమును ‘ఫ్యూయల్’ చేయును. అవమానము ఒక యువకుని పట్టుదలను ‘ఫ్యూయల్’ చేయును. ఈ మూడు వాక్యములును ఒకే వ్యాసమున, ఒకే పుటలో ఒక అనువాదకునకు ఎదురైనవి. మూలరచయిత ఒక్క క్రియతో మూడు పనులు ముగించుకొని నిశ్చింతగా నిద్రించియుండును. తెలుగు చేయువాని నిద్ర మాత్రము చెడినది.

నిఘంటువు తెరచినచో పర్యాయపదములకు కొదవ లేదు. ఫీడ్, స్టోక్, పవర్, ఛార్జ్ అని ఆంగ్లముననే ఒక వరుస యున్నది. వీనిలో ‘ఛార్జ్’ బండిమీద బరువెక్కించుట అను అర్థము గల లాటిను మాటనుండి వచ్చినది. ‘ఫ్యూయల్’ పుట్టుక ఇంటికి మరింత దగ్గర. లాటినున ‘ఫోకస్’ అనగా ఇంటిలోని పొయ్యి. ఆ పొయ్యి మాటయే ఫ్రెంచి మీదుగా ఆంగ్లమునకు చేరి ఫ్యూయల్ అయినది. (కటకముల శాస్త్రములోని ‘ఫోకస్’ కూడ ఆ పొయ్యియే!) కాని నేటి ఆంగ్లపాఠకునకు ఆ మాటలో పొయ్యియు కనబడదు, పొగయు తగులదు.

తెలుగు మాటలలో పొయ్యి ఇంకను మండుచునే యున్నది. కట్టె కొన పొయ్యిలో మండుచుండును, మొదలు బయట నుండును. కాలిన కొలది దానిని లోపలికి త్రోయవలెను. అదియే ఎగదోయుట. అన్నిటిని ఎగదోయుటకు వీలులేదు. పిడకలు వేయుదురు, కుంపటిలో బొగ్గులు వేసి విసరుదురు, దీపమునకు నూనె పోయుదురు, వత్తిని మరల ఎగదోయుదురు. గడియారమునకు కీ ఇత్తురు, సైకిలుకు గాలి కొట్టుదురు, మోటారు బండికి పెట్రోలు కొట్టింతురు, చేతి ఫోనుకు ఛార్జింగు పెట్టుదురు. వస్తువు మారినచో క్రియ మారును. క్రియతోపాటు చేయి ఆడు తీరును మారును. ఎవరో ఒకరు వంగి, ఊది, కన్నులు నులుముకొనుచు ఆ పని చేయుచున్నారని ఈ క్రియలు చెప్పకయే చెప్పును.

హిందీనుండి తెలుగు చేయునపుడు చిక్కు వేరొక తీరున వచ్చును. ‘ఇంధ్’ అను సంస్కృత ధాతువునకు మండించుట అని అర్థము. దానినుండి పుట్టిన మాట రెండు భాషలలోను కలదు. హిందీ పల్లెలలో ‘ఈంధన్’ ఏరుటకు పోయిన స్త్రీ ఎండుపుల్లలు, పిడకలు తెచ్చుకొనును. అది వంటింటి మాట. తెలుగున ‘ఇంధనము’ కచ్చేరీ కాగితముల మాట. ఇంటిలో నున్నది వంటచెరకు. అక్షరములు కలిసినవి గదా యని ఈంధన్‌ను ఇంధనము చేసినచో ఆ పల్లెపడుచు చమురు సంస్థలో గుమాస్తాయైపోవును.

‘ఝోంక్‌నా’ అను మరొక హిందీ క్రియ కలదు. కొలిమిలోనికి, బట్టీలోనికి విసరివేయుట దాని అర్థము. ఆవిరి యింజనులో బొగ్గు వేసినవాని పనికి అది సరిపోయిన మాట. మన బ్రాడ్‌గేజి మార్గములపై ఆ యింజనుల కాలము 1995తో ముగిసినది. ధాన్యము వేయించు బట్టీకి ‘భాడ్’ అని పేరు. ‘భాడ్ ఝోంక్‌నా’ అనగా జీవితము వ్యర్థపుచ్చుకొనుట. మనవారు ‘ఇన్నాళ్లు గాడిదలు కాచితివా’ అనునట్లు. పదుగురి గింజలు వేగుటకై వేడిలో నిలిచినవాని శ్రమ వ్యర్థమునకు ఉపమానమైనది. లోకోక్తులు అన్నివేళల న్యాయము చెప్పవు.

ప్రేమ్‌చంద్ 1930లో వ్రాసిన ‘పూస్ కీ రాత్’ కథలో హల్కూ కంబళికై దాచిన మూడు రూపాయలు అప్పులవానికి చెల్లిపోయినవి. చలిరాత్రి పొలము కావలి కాయుచు, పక్కనున్న మామిడితోపున ఎండుటాకులు ప్రోగుచేసి మంట వేసికొనును. హిందీ ‘అలావ్’కు తెలుగున ‘నెగడు’ అను చక్కని మాట సిద్ధముగా నున్నది. కాని ఆ నెగడును ఎగదోయరాదు. ఆకులు క్షణములో భగ్గుమని ఆరిపోవును, వేయుచునే యుండవలెను. ఇచట ‘ఎగదోసెను’ అని వ్రాసిన అనువాదకుడు హల్కూకు లేని కట్టెలను దానము చేసినవాడగును.

నేడు గ్యాసు వచ్చినది. ఉజ్జ్వల పథకము 2016లో ప్రారంభమైన తరువాత పేదయిండ్లకును సిలిండరు చేరినది. పొగ తగ్గినందుకు విచారించువాడు పొయ్యి ఊది యెరుగనివాడు. కాని మీట త్రిప్పు చేతికి ఎగదోయుటతో పనిలేదు. గ్యాసుపొయ్యి యింట పెరిగిన పిల్లలకు ఆ మాట తెలిసినచో తగవులలోనే తెలియును: ఎవడో ఎవనినో మరియొకనిపై ఎగదోసినాడని. అన్నము వండిన అర్థము వెనుకబడి, చిచ్చు పెట్టు అర్థము మిగిలినది. ఆజ్యము గతియు నిదియే. యజ్ఞమున పోసిన పుణ్యము. లోకోక్తిలో పోసిన పాపము.

అనువాదకుడు మొదటి వాక్యమునకు ‘మిల్లు బొగ్గుతో నడచినది’ అనియు, మూడవదానికి ‘అవమానము పట్టుదలను రగిలించినది’ అనియు వ్రాసికొన్నాడు. కలహపు వాక్యము సాయంకాలము వరకు ఖాళీగా నుండెను. ‘వదంతులు కలహమునకు ఆజ్యము పోసినవి’ అని వ్రాసి కొట్టివేసినాడు. మూలమున నింద లేదు. తెలుగున నింద యుండరాదని ఆతని వాదము. ‘ఇంధనమైనవి’ యనినచో కలహము కూడ మిల్లువలె నగును. తుదకు ‘వదంతులతో కలహము పెరిగినది’ అని వ్రాసి పంపినాడు.

వారము దినములకు ప్రతి తిరిగి వచ్చినది. ఆ వాక్యము ప్రక్కన, అంచుమీద, సంపాదకుడు పెన్సిలుతో ఒక్క మాట వ్రాసినాడు: ‘పెంచినదెవరు?’