అమెరికా నుంచి వచ్చిన పాత వాల్వుల యాంప్లిఫయరు – ఒక రైతు చూసిన తీరు



ఈసారి మిర్చి గురించి కాదు, యూరియా గురించీ కాదు. మా ఇంటికొచ్చిన ఒక పాత మిషను గురించి రాస్తున్నా. గిటారు వాయించేవాళ్లు వాడే యాంప్లిఫయరు అది. "మనకెందుకయ్యా ఈ గొడవ" అనుకోకండి. చివరిదాకా చదవండి, మీ మోటారు షెడ్డుకి పనికొచ్చే మాట ఇందులో ఉంది.

మా చిన్నమ్మాయి హైదరాబాదులో ఉద్యోగం చేస్తోంది. శని ఆదివారాల్లో స్నేహితులతో కలిసి గిటారు వాయిస్తుంది, పాడుతుంది. తన జీతంలో దాచుకున్న డబ్బుతో ఈ పెట్టె బేరం చేసింది. అమ్మినాయన అమెరికాలో కొన్నేళ్లుండి తిరిగొచ్చిన మనవాడే. "పది రోజులు వాడి చూడమ్మా, నచ్చకపోతే తిరిగిచ్చెయ్" అన్నాడట. పండక్కి వస్తూ కార్లో వేసుకొచ్చింది. "నాన్నా, పాత ట్రాక్టరు కొనేటప్పుడు నువ్వు చూస్తావు కదా, అట్టా చూసి చెప్పు. ఉంచుకోనా, ఇచ్చేయనా?" అంది.

ధర అంటారా, ఒక మోస్తరు పాడిగేదె వచ్చే డబ్బు. మా ఆవిడ ఆ మాట పైకే అన్నది. ఊళ్లో వాళ్లు ఇంకో మాట అన్నారు, ఆడపిల్లకి ఈ పెట్టెలెందుకని. నేనేమీ అనలేదు. పిల్ల తన కష్టార్జితం పెట్టింది, నన్ను నమ్మి సలహా అడిగింది. ముందు మిషన్ని చూద్దాం అనుకున్నా.

పెట్టె పేరు ఫెండర్ హాట్ రాడ్ డీలక్స్. ఈ మోడలు 1996లో వచ్చింది. 40 వాట్లు, లోపల 12 అంగుళాల స్పీకరు ఒకటి. బరువు 20 కిలోల దాకా ఉంటుంది, పురుగుమందు డబ్బాలా ఒంటిచేత్తో లేపలేం. వెనకవైపు కొంత తెరిచి ఉంటుంది. వంగి చూస్తే గాజు బుడ్లు కనపడతాయి. అవే వాల్వులు. చిన్నవి మూడు, పెద్దవి రెండు.

మా నాన్న కాలంలో వాల్వు రేడియోలు ఉండేవి. ఆన్ చేస్తే వెంటనే పలికేవి కావు, బుడ్డి వేడెక్కాక పలికేవి. మన మైకు సెట్లు ఎప్పుడో ట్రాన్సిస్టర్లకి మారిపోయాయి గానీ గిటారు వాళ్లు మాత్రం ఈ బుడ్లని ఇప్పటికీ వదల్లేదు.

ఇది ఎట్టా పనిచేస్తుందో మన భాషలో చెప్తా. వాల్వు అన్న పేరు ఊరికే పెట్టలేదు. బావిలో పైపు అడుగున ఫుట్‌వాల్వు ఉంటుంది చూడండి, నీళ్లని పైకి రానిస్తుంది, వెనక్కి పోనీయదు. 1904లో ఫ్లెమింగ్ అనే ఇంగ్లండు ఆయన కరెంటుకి అలాంటిదే చేశాడు, ఒకవైపే పోయే దారి. 1906లో అమెరికాలో లీ డి ఫారెస్ట్ దాని మధ్యలో సన్న తీగ ఒకటి పెట్టాడు. ఆ తీగ తూము తలుపు లాంటిది. తలుపు కాస్త కదిపితే కాలువలో ఎంత నీరు పెరిగి తగ్గుతుందో మనకు తెలుసు. గిటారు తీగ నుంచి వచ్చే కరెంటు చాలా కొంచెం. అది తలుపుని కదుపుతుంది. వెనక నిలవున్న పెద్ద కరెంటు ఆ కదలిక ప్రకారం పారి స్పీకర్ని ఆడిస్తుంది. అంతే సంగతి.

సరే, పరీక్ష మొదలుపెట్టా. పాత మోటారు కొనేటప్పుడు ముందు రంగు చూడం, నేమ్‌ప్లేటు చూస్తాం. వెనక రాసింది చదివితే 120 వోల్టులని ఉంది. అమెరికా కరెంటు అంతే. మన 230 నేరుగా ఇస్తే ఫ్యూజు ఎగరొచ్చు, ట్రాన్స్‌ఫార్మరు కాలొచ్చు. అందుకే అమ్మినాయన దానితోపాటు వోల్టేజీ తగ్గించే ఇనప డబ్బా ఒకటి ఇచ్చాడు. దాని మీద ఏ కంపెనీ పేరూ లేదు, 500 వాట్లని మాత్రం రాసుంది. ఆ సైజు చాలు. 40 వాట్లు అనేది స్పీకరుకి ఇచ్చే లెక్క. గోడలోంచి లాగేది దానికి మూడు నాలుగు రెట్లు ఉంటుంది, వాల్వులు వేడెక్కడానికే చాలా పోతుంది.

అసలు సంగతి ఇక్కడుంది. ఆ డబ్బా నుంచి గోడకి వెళ్లే వైరు చూస్తే రెండు పిన్నుల ప్లగ్గు. డబ్బా ముందు వైపు మాత్రం మూడు రంధ్రాల సాకెట్టు, యాంప్లిఫయరు మూడు పిన్నులూ దర్జాగా దూరిపోయాయి. మల్టీమీటరు పెట్టి చూశా. మూడో రంధ్రం వెనక ఏమీ లేదు. ఎర్తు పిన్ను పెట్టుకోడానికి చోటుంది గానీ ఎర్తు లేదు.

"బుజ్జీ, దీన్ని ఇప్పుడు పెట్టొద్దు" అన్నా. దాని మొహం చిన్నబోయింది. "వాళ్లింట్లో గంటసేపు వాయించా నాన్నా, ఏం కాలేదు" అంది. "ఏదన్నా అయ్యేదాకా ఏమీ కానట్టే ఉంటుందమ్మా" అన్నా.

ఎందుకన్నానో మీకు వేరే చెప్పక్కర్లేదు. తడిచేత్తో స్టార్టరు డబ్బా తలుపు ముట్టుకుని పడిపోయిన మనిషిని పొలం నుంచి మోసుకొచ్చిన వాళ్లలో నేనొకణ్ణి. ఆ మోటారు ముందురోజు సాయంత్రం దాకా బాగానే తిరిగింది.

గిటారుది ఇంకో చిక్కు. యాంప్లిఫయరు లోపలి ఇనప చట్రానికీ, గిటారు తీగలకీ వైరు ద్వారా కలుపు ఉంటుంది. అంటే వాయించేవాళ్ల చెయ్యి ఎప్పుడూ ఆ చట్రం మీద ఉన్నట్టే లెక్క. లోపల ఫేజు వైరు ఎక్కడన్నా చట్రానికి తగిలిందనుకోండి. ఎర్తు ఉంటే ఆ కరెంటు భూమిలోకి పోతుంది, ఫ్యూజు ఎగిరిపోతుంది. ఎర్తు లేకపోతే చట్రం, తీగలు అన్నీ కరెంటుతో నిండి కూర్చుంటాయి. పాడే మనిషి పెదవి మైకుకి తగిలిందంటే చేతి నుంచి మూతికి దారి పడుతుంది, మధ్యలో గుండె ఉంటుంది. మా అమ్మాయి వాయిస్తూ పాడుతుంది అని ముందే చెప్పాను కదా.

"ఇట్టా ఎవరికన్నా జరిగిందేమో ఫోన్లో చూడు" అన్నా. చూసి కాసేపు మాట్లాడలేదు. స్కాట్లండుకి చెందిన లెస్ హార్వీ అనే గిటారు వాద్యకారుడు 1972 మే నెలలో, వేల్స్‌లోని స్వాన్సీ ఊళ్లో, జనం ముందే స్టేజి మీద, ఎర్తు సరిగా లేని మైకు ముట్టుకుని పోయాడు. 27 ఏళ్లు. యార్డ్‌బర్డ్స్ అనే పేరున్న బృందంలో పాడిన కీత్ రెల్ఫ్ 1976లో ఇంట్లోనే గిటారు వాయిస్తూ ఇదే ఎర్తు లోపంతో పోయాడు. అంత పేరున్న వాళ్లని కూడా కరెంటు ఎవరని అడగలేదు.

మర్నాడు డబ్బాని టౌనుకి తీసుకెళ్లాం. మా మోటార్లకి వైండింగు చేసే మేస్త్రి విప్పి చూశాడు. లోపలి చుట్ట బాగానే ఉందన్నాడు. రెండు వైర్ల కార్డు తీసేసి మూడు వైర్లది వేశాడు. ఎర్తుని డబ్బా బాడీకి కలిపి, అక్కణ్ణుంచి సాకెట్టు మూడో రంధ్రానికి తెచ్చాడు. ఫేజు, న్యూట్రలు తారుమారు కాకుండా చూసి, ఫ్యూజు ఒకటి వేశాడు. ఇంటికొచ్చాక గోడ ప్లగ్గు ఎర్తు పిన్ను నుంచి గిటారు తీగ దాకా మీటరు పెడితే సున్నా దగ్గర చూపించింది. తర్వాత ఎర్తు గుంటలో రెండు బిందెల నీళ్లు పోశా. ఎండిన మట్టిలో ఎర్తు సరిగా పనిచేయదని మీకు తెలుసు. మా అమ్మాయి నవ్వింది, "యాంప్లిఫయరుకి నీళ్లు పెట్టేవాణ్ణి నిన్నే చూశా నాన్నా" అని.

అప్పుడు ఆన్ చేశాం. గోడ దగ్గర 228 ఉంది, డబ్బా బయట 119. బాగుంది. పెట్టెకి రెండు స్విచ్చులు. మొదటిది వేస్తే ఎర్ర దీపం వెలిగి బుడ్లు మెల్లగా ఎర్రబడతాయి. ఒక నిమిషం ఆగి రెండోది వెయ్యాలి. చలికాలం పొద్దున ట్రాక్టరుకి హీటరు పెట్టి ఆగమా, అట్టాగే.

దీనికి మూడు చానెళ్లు. కాలితో నొక్కే చిన్న పలక మీద రెండు మీటలుంటాయి, వాటితోనే మారుస్తారు. మొదటి చానెల్లో శబ్దం గుడిగంటలా నిక్కచ్చిగా ఉంది. తీగని ఎంత మీటితే అంతే పలుకుతుంది, దాపరికం లేదు. వాల్యూము కాస్త తిప్పేసరికే కొట్టంలో గేదె తలెత్తి చూసింది. 40 వాట్లంటే బల్బు లెక్క అనుకున్నా గానీ, వీధి చివరిదాకా వినపడిందట.

రెండోది డ్రైవు. ఇక్కడ కావాలనే వాల్వుకి దాని శక్తికి మించి ఇస్తారు. బోదెలోకి ఎక్కువ నీరు వదిలితే గట్టు ఎత్తు వరకే నిలిచి, పైనది పొర్లిపోయి, పైభాగం చదునుగా అవుతుంది కదా. శబ్దం అలలు కూడా పైన అట్టాగే తెగి చదునవుతాయి. అందుకే ఆ గరగర. మొదట నాకు చెడిపోయిందేమో అనిపించింది. తర్వాత మా అమ్మాయి మెల్లగా మీటింది, గరగర పోయి శుభ్రంగా పలికింది. గట్టిగా మీటింది, మళ్లీ గరగర. చేతి బరువుని బట్టి మారుతోంది. లోడు పడితే ఇంజను గొంతు మారినట్టు. అది నచ్చింది నాకు. మూడోది ఇంకా ఎక్కువ డ్రైవు. అది కుర్రాళ్లకి, నాకు రెండు నిమిషాలు చాలు.

ప్రతిధ్వని కోసం లోపల నిజం స్ప్రింగులే ఉన్నాయి. ఆ మీట తిప్పితే దిగుడు బావిలోకి తొంగిచూసి కేకేసినట్టు వస్తుంది.

అరగంట వాయించాక వెనక చెయ్యి దగ్గర పెట్టి చూశా. వేడి బాగా ఉంది గానీ మాడు వాసన లేదు. అమెరికాలో 60 హెర్ట్జ్, మనకి 50. అక్కడి ట్రాన్స్‌ఫార్మరు ఇక్కడ కొంచెం ఎక్కువ వేడెక్కుతుంది, కనక గాలి ఆడేలా గోడకి దూరంగా పెట్టమన్నా. వాల్యూము మీటలో దుమ్ముకి చిటపట ఉంది. పెద్ద బుడ్లలో ఒకటి కొన్ని స్వరాలకి గణగణమంటోంది. అవి అరిగేవే, మార్చేవే. ఇప్పటికీ రష్యా, స్లొవేకియా, చైనాల్లో తయారవుతున్నాయి. మా అమ్మాయి అమ్మినాయనకి ఫోన్ చేసి డబ్బా సంగతి చెప్పింది. ఆయన ఉలిక్కిపడి, రిపేరు ఖర్చు తగ్గించుకోమన్నాడు.

"ఉంచుకో తల్లీ" అన్నా. దాన్ని చూసి కాదు, కొలిచి చెప్పా.

ఇంకో సంగతి తెలిసి సంతోషమేసింది. ఈ కంపెనీ పెట్టిన లియో ఫెండర్ 1909లో కాలిఫోర్నియాలో నారింజ తోట ఉన్న ఇంట పుట్టాడు. రైతుబిడ్డ. రేడియోలు బాగుచేస్తూ ఇందులోకొచ్చాడు. ఆయనకి గిటారు వాయించడం రాదట. వాయించేవాళ్లు చెప్పింది విని చేసేవాడు. నాకూ రాదు. అయినా బిడ్డ వాయించే పెట్టెని చూడగలిగా.

మీ పిల్లలెవరైనా ఇలాంటిది తెస్తే నాలుగు చూడండి. నేమ్‌ప్లేటు మీద వోల్టేజీ. గోడ దాకా మూడో పిన్ను నిజంగా కలిసిందా లేదా. స్పీకరు తగిలించకుండా ఆన్ చెయ్యకూడదు, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు పోతుంది. ప్లగ్గు పీకినా లోపలి కెపాసిటర్లలో ప్రాణం తీసేంత కరెంటు నిలవుంటుంది, తెలియనివాళ్లు విప్పకూడదు. గుయ్ అని మోత వస్తోందని ఎర్తు పిన్ను విరగ్గొట్టేవాళ్లు ఉంటారు, అలాంటివాళ్ల మాట అసలు వినొద్దు.

పిల్లలు తేకపోయినా రేపు పొద్దున పొలానికెళ్లినప్పుడు స్టార్టరు డబ్బా నుంచి ఎర్తు వైరు ఎక్కడిదాకా పోయిందో వేలితో చూపించుకుంటూ వెళ్లండి, ముట్టుకోకుండా. మధ్యలో తెగి ఉంటే మెయిను ఆపి ఆ రోజే వేయించండి. గుంటలో రెండు బిందెల నీళ్లు పోయండి. ఖర్చు లేని పని.

మా అమ్మాయి నిన్న హైదరాబాదు వెళ్లింది. అక్కడ అద్దె ఇంట్లో సాకెట్టు ఎర్తు చూశాకే ప్లగ్గు పెట్టమని, మీటరు కూడా కారులో పెట్టి పంపా.