ఆకు తిప్పి చూస్తేనే...

చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయంలో పొద్దున్నే కుర్చీ దొరికితే చీకటి పడేదాకా కదలరు కొందరు. అశోక్‌నగర్‌ సందుల్లోని ఇరుకు గదుల్లో అర్ధరాత్రి దాకా లైట్లు వెలుగుతూనే ఉంటాయి. అక్కడ చదివేవాళ్లలో వ్యవసాయ విస్తరణ అధికారి... అదే, ఏఈఓ కొలువు కోసం కలలు కనేవాళ్లూ ఉంటారు. ఊళ్లో నాన్న పత్తి అమ్మి పంపిన డబ్బుతో గది అద్దె కట్టే పిల్లలకు ఆ ఉద్యోగమంటే మరింత మమకారం!

ఉద్యోగం వచ్చాక మొదలవుతుంది అసలు పరీక్ష. తెలంగాణలో సుమారు 5,000 ఎకరాలకు ఒక ఏఈఓ. అంతమంది రైతులూ ‘ఏం మందు కొట్టమంటారు సారూ?’ అని అడిగేది నిన్నటిదాకా పుస్తకాలు పట్టుకున్న ఆ కుర్రాణ్నే, ఆ అమ్మాయినే.

మరి వాళ్లకు శిక్షణ ఎలా ఉండాలి? పురుగు జీవితచక్రం, ఎరువుల లెక్కలు, పంటల నమోదు... ఇవన్నీ తెరమీద చక్కగా నేర్పొచ్చు. రాజేంద్రనగర్‌ దాకా రానక్కర్లేదు. 2024 మార్చిలో మొదలైన ‘రైతునేస్తం’తో శాస్త్రవేత్తలు వీడియోలోనే రైతువేదికల్లోని రైతులతో మాట్లాడారు. కొత్త ఉద్యోగులకూ ఆ దారి పనికొస్తుంది.

కానీ, పత్తి ఆకు ఎర్రబడిందనుకోండి. పచ్చదోమ కావచ్చు, మెగ్నీషియం లోపమూ కావచ్చు. దోమ ఉండేది ఆకు అడుగున. పైనుంచి తీసిన ఫొటోలో అది కనిపించదు. ఆకు తిప్పి చూడాల్సిందే! చూడకుండా పురుగుమందు రాసిస్తే రైతు డబ్బూ పోతుంది, పంటా కోలుకోదు. లోపమే అయితే లీటరు నీటికి 10 గ్రాముల మెగ్నీషియం సల్ఫేట్‌ చాలు.

హైదరాబాద్‌ ట్రిపుల్‌ ఐటీ 2004లో ‘ఈ-సాగు’ మొదలుపెట్టినప్పుడూ ఇదే తేలింది. వరంగల్‌ జిల్లా పత్తి చేల ఫొటోలు చూసి నిపుణులు నగరంలో కూర్చునే సలహాలిచ్చారు. ఆ ఫొటోలు తీసింది మాత్రం చేను తెలిసిన పల్లె మనుషులు. వాళ్లు చూపించిందే నిపుణుడు చూడగలిగాడు.

అందుకే కొత్త ఏఈఓను మొదట ఓ సీజన్‌ సీనియర్‌ వెంట చేలగట్లమీద తిప్పాలి. అక్కడ తేలని సందేహాలతో తెరముందు కూర్చోబెట్టాలి. పాఠం అప్పుడే బుర్రకెక్కుతుంది. తప్పు సలహాకు ఉద్యోగి జీతం తగ్గదు. రైతుకైతే ఆ ఏడాది పంటే పోతుంది.