అమ్మ పెట్టెలోని ఇరవై కాసులు

నిన్న అమ్మ ట్రంకుపెట్టె సర్దుచుండగా ఆ రాగి బిళ్ళ మరల చేతికి వచ్చినది. దానిపట్ల నేను చేసిన అపచారమొకటి చెప్పుకొనవలసియున్నది.

మా అశ్వారావుపేట ఒకనాడు నైజాము ఏలుబడికి పొలిమేర. ఆవలి జంగారెడ్డిగూడెం మద్రాసు రాజధానిలోనిది. ఇక్కడ హాలీ సిక్కా, అక్కడ కల్దారు. 100 కల్దారు రూపాయలకు 116 హాలీ రూపాయల 10 అణాల 8 పైలు! అమ్మ ఆవలి వైపు నుండి కోడలిగా వచ్చునప్పుడు ఆమె నాయనమ్మ ఇచ్చిన బిళ్ళ ఇది. అప్పటికే ఇరువైపులా చెల్లనిది.

నేటి రూపాయికంటె పెద్దది. ఒక ముఖమున కుంఫిణీ డాలు, ఇరుప్రక్కల జెండాలు పట్టిన సింహములు, క్రింద సంవత్సరము. రెండవ ముఖమున పారసీ లిపిలో ఇరవై కాసులు నాలుగు ఫలూసులని ఉన్నది. అడుగున రోమను అంకెలతో ఇరవై క్యాష్. తెలుగువారి చేతుల్లో తిరుగవలసిన దానిపై తెలుగక్షరము ఒక్కటీ లేదు. బర్మింగ్‌హామ్ చెంత సోహోలో మాథ్యూ బోల్టన్ ఆవిరియంత్రములపై ముద్రించి ఓడలకెక్కించెను.

ఇందలి క్యాష్ మన దక్షిణాది కాసే. (నగదు అను అర్థముగల ఆంగ్లపదము వేరు, అది ఫ్రెంచివారి పెట్టె.) ఇరవై కాసుల రాగినాణెమునే డబ్బు అనేవారు. ముప్పదియేండ్లు పిల్లలకు "డబ్బు అనగా ధనము" అని చెప్పితిని గాని, ఆ డబ్బు మా ఇంటనే ఉన్నదని ఎరుగనైతిని.

"దాన్ని తోమకురా, నల్లగా ఉంటేనే అక్షరాలు కనిపిస్తాయి" అనేది అమ్మ. ఆమె పోయిన మరుసటి యేడు, సంవత్సరీకమునకు పూజాపాత్రలతోపాటు దానినీ చింతపండు, ఇటుకపొడి వేసి తోమితిని. బంగారమువలె మెరిసినది. సంవత్సరములో 1, 8, 0 మిగిలినవి. చివరి అంకె అరిగిపోయినది.

ఈ బిళ్ళలు 1803లోను, 1808లోను వచ్చినవి. 1808 నాటి కాసులతో మద్రాసుకు బయలుదేరిన అడ్మిరల్ గార్డ్‌నర్ ఓడ 1809 జనవరిలో ఇంగ్లండు తీరమున గుడ్విన్ ఇసుకమేటలపై మునిగినది. 1980లలో లక్షలకొద్దీ నాణెములను పైకి తీసిరి. మాది ఎనిమిదైతే, వాటికి తోబుట్టువై మునగక మా పొలిమేరకు చేరినదన్నమాట.

మనుమడు ఫోనులో పెద్దది చేసి చూచి ఎనిమిదే అంటున్నాడు. నా కంటికి మూడువలె ఉన్నది. అమ్మ ఏనాడైనా చదివినదో లేదో, అడుగనేలేదు.